పగిలిన అద్దం, సగం రాసిన కంప్లైంటు

హైదరాబాద్ పాతబస్తీ, జహనుమాలో మా గల్లీలో రెండు కార్లు ఎదురుపడితే ఒకటి వెనక్కి పోవాల్సిందే. అందుకే బండి ఇంటి ముందు పెట్టి బయటికి వెళ్లేవాళ్లు తాళంచెవి ఎదురింట్లో ఇచ్చి పోతారు. ఎవరికి అడ్డమైతే వాళ్లే తీసి పక్కన పెట్టుకుంటారు. స్కూటర్ ఉన్నన్నాళ్లూ నేనూ ఇచ్చాను. కారు కొన్నాక ఇవ్వబుద్ధి కాలేదు. నా స్టీరింగ్ మీద ఇంకొకరి చెయ్యా? ఆ రోజుల్లో నేనొక మత్తులో ఉండేవాణ్ణి. సాయంత్రాలు అద్దాలెత్తుకుని ఊరికే లోపల కూర్చునేవాణ్ణి. గల్లీ చప్పుడంతా ఎక్కడో నీళ్ల అడుగు నుంచి వస్తున్నట్టు వినబడేది. కారు కదలకపోయినా ఎంతో దూరం పోయివచ్చినట్టు ఉండేది.

ఆ రోజు తాళంచెవి జేబులో వేసుకుని, లోకల్ రైల్లో ఆఫీసుకు వెళ్లాను. నా భార్య పిల్లలతో పుట్టింటికి పోయి ఉంది. సాయంత్రం తిరిగివచ్చేసరికి నీరెండ గోడల మీద పచ్చగా పరుచుకుని ఉంది. గల్లీలో మనిషి అలికిడి లేదు. ఇళ్లన్నిటికీ గొళ్లేలు పెట్టి ఉన్నాయి. కారు మా ఇంటి ముందు లేదు, గల్లీ చివర గోడకు ముక్కు ఆనించి ఉంది. డ్రైవరు వైపు అద్దం పగిలి, సీటు నిండా గాజు. ఎడమ తలుపుల పొడవునా ఒక గీత. కలేమో అనుకుని దాని మీద వేలు పెట్టి చూశాను. గోడ సున్నం అంటింది. అప్పుడు ఒళ్లు మండిపోయింది. కొత్త కారు చూసి కళ్లు కుట్టినవాళ్ల పనే ఇది అనుకున్నాను. ఒక్కో ఇంటినీ అనుమానంగా చూశాను కూడా.

అక్కడి నుంచే ఇన్సూరెన్స్ ఏజెంటుకు ఫోన్ చేశాను.

“ఫికర్ చెయ్యకుండ్రి సార్. స్టేషన్‌ల కంప్లైంట్ ఇయ్యుండ్రి. గుర్తు తెలియని వ్యక్తులు పలగ్గొట్టిండ్రని రాయుండ్రి. నో క్లెయిమ్ బోనస్ పోతది, వచ్చే ఏడు ప్రీమియంల తగ్గింపు రాదు, గంతే. ఆలోచించి చెప్పుండ్రి.”

ఆలోచించడానికేముంది? గుమ్మంలో కూర్చుని తెల్లకాగితం మీద రాయడం మొదలుపెట్టాను.

సగం రాశానో లేదో, జనం సమాధుల తోట నుంచి తిరిగొచ్చారు. అందరివీ తెల్లబట్టలు, కాళ్ల నిండా మట్టి. ముందు ఎదురింటి పెద్దాయన, రైల్వేలో చేసి రిటైరైనవాడు. ఆయన భార్య నెలల తరబడి మంచంలో ఉంది. పొద్దున నేను రైలెక్కాక ప్రాణం పోయిందట. పక్కింటాయన నా దగ్గర ఆగాడు.

“శవం పెట్టె భుజాల మీద పెట్టుకొని నీ కారు కాడ నిలవడ్డమన్నా. ఇటు సందు లేదు, అటు సందు లేదు. నీకు ఎన్నిసార్లు ఫోన్ కొట్టినం! ఎండల మస్తుసేపు చూసి, అద్దం పలగ్గొట్టి, హ్యాండ్‌బ్రేక్ తీసి నూకినం. ఏం చెయ్యాలె మరి?”

మీటింగులో ఉండగా ఫోన్ మోగితే రెండుసార్లు నేనే కట్ చేశాను, తర్వాత ఎవరని చూడనే లేదు.

కాగితం చేతిలో అట్లాగే ఉంది. గుర్తు తెలియని వ్యక్తులందరూ నా కళ్లెదుటే ఉన్నారు. కంప్లైంటు ఇస్తే పోలీసులొచ్చి మొదట తట్టేది పెద్దాయన తలుపే. ఇవ్వకపోతే బాగుచేయించే ఖర్చంతా నాదే. సిగ్గు విడిచి చెప్తున్నాను, అప్పుడు కూడా ఏది లాభమా అనే ఆలోచించాను.

పెద్దాయన ఇంట్లోకి పోలేదు. కారు తలుపు తీసి, సీటు మీది గాజుముక్కలు ఒక్కొక్కటే ఏరి రుమాల్లో వేయసాగాడు. పగటి వెలుగు చివరిసారిగా వచ్చి ఆయన అరచేతిలోని గాజు మీద మెరిసింది. నేను పరుగెత్తాను.

“వద్దు బాపు, నేను తీస్త.”

“పొద్దుగూకితే కనవడయి బిడ్డా. రేపు నీ పిల్లలొచ్చి ఎక్కుతరు, కుచ్చుకుంటయి.”

రెండో వైపు తలుపు తీసి నేనూ ఏరడం మొదలుపెట్టాను. మధ్యలో ఏజెంటు ఫోన్ చేశాడు. క్లెయిమ్ వద్దని చెప్పి పెట్టేశాను. గాజు రాలే చప్పుడొక్కటే వినబడుతోంది.

“తప్పయింది బాపు,” అన్నాను చివరికి. “అమ్మను గట్ల ఎండల నిలవెట్టిన.”

ఆయన తల ఎత్తలేదు.

“ఆమెకేం తొందర ఉండె బిడ్డా? తీస్కపోవాలని మేమే తొందరపడ్డం.”