స్తంభం నీడ, గోపురం నీడ

2004 ఫిబ్రవరిలో నేను నందిగామలో ఒక ఫొటో స్టూడియోలో టచప్ పనిలో ఉన్నాను. నా చదువు ఏడో తరగతితో ఆగింది. పద్నాలుగేళ్లు నెగెటివ్‌ల మీద సన్నటి పెన్సిలుతో మచ్చలు, మొటిమలు మాపాను. కంప్యూటరు వచ్చాక అదే పని మౌసుతో నేర్చుకున్నాను. రోజూ జగ్గయ్యపేట నుంచి బస్సులో వచ్చి వెళ్లేదాన్ని.

ఆ నెల ఒక మంగళవారం వీరులపాడు వైపు ఊరి నుంచి యేసుపాదం మాస్టారు వచ్చారు. బడిలో పంతులు, వాళ్ల చర్చి సంఘానికి పెద్ద. కొత్త మందిరం కట్టాలనుకుంటున్నారు. ఇంజనీరు కంప్యూటర్లో తయారుచేసిన మందిరం బొమ్మ సీడీలో తెచ్చారు. గోడలు, కిటికీలు, తూర్పు మూలన ఎత్తైన గంట గోపురం అన్నీ ఉన్నాయి. వెనకంతా తెల్లగా ఖాళీ. దాన్ని ఊళ్లో స్థలం ఫొటోలో, ఇప్పటికే కట్టేసినట్టు పెట్టాలి. ఆదివారం ఆరాధన అయ్యాక అందరికీ చూపించి, ఒప్పుకుంటే సోమవారం ముగ్గు పోస్తారు. అంటే పునాదికి సున్నంతో గీతలు వేస్తారు.

మా ఓనరు బుధవారం ఆ ఊరికెళ్లి, మధ్యాహ్నం మూడు దాటాక స్థలం ఫొటో తీసి తెచ్చారు. ఇంజనీరు బొమ్మేమో మేడ మీద నుంచి చూసినట్టుంది. ఆ రెండూ అతకవు. మనిషి కంటి ఎత్తు నుంచి చూసినట్టు ఇంజనీరు చేత ఇంకో బొమ్మ చేయించి పంపమని మాస్టారికి చెప్పాను. గురువారం అది వచ్చాక ఫొటోలో పెట్టి, కత్తితో కోసినట్టున్న అంచుల్ని ఫొటో మెత్తదనానికి సరిపడా మెత్తబరిచాను. అలవాటు ఒకటుంది చూడండి, పాస్‌పోర్టు ఫొటోల్లో తల వెనక నీడ తుడిచీ తుడిచీ నీడంటే నాకు మురికే. గోడ కిందికి వచ్చిన కాస్త నలుపు కూడా తుడిచేశాను.

మాస్టారు చూసి, “బాగానే ఉందమ్మా. కానీ ఇది నేల మీద లేదు, వేలాడుతోంది,” అన్నారు.

ఆ మాట నన్ను కుదురుగా కూర్చోనివ్వలేదు. తిరుగు బస్సులో కిటికీ పక్కన చేరి నీడలే చూశాను. చిల్లకల్లు దగ్గర ఆగిన లారీని చూస్తే, చక్రం నేలని తాకే చోట నీడ చిక్కగా ఉంది, పోనుపోను అంచు పలచబడింది. ఇంట్లో అన్నం వండుతూ కూడా గిన్నె నీడ, గరిటె నీడ. ఏం చూస్తున్నావని మా అత్తగారు రెండుసార్లు అడిగారు.

మర్నాడు ఫొటోలో కరెంటు స్తంభం పట్టుకున్నాను. దాని నీడ అడ్డంగా పడింది కాబట్టి స్క్రీను మీద స్కేలు పెట్టి కొలిచాను. స్తంభం ఎత్తుకంటే నీడ కాస్త ఎక్కువే. అదే దిక్కుకి, అదే లెక్కన మందిరానికి నీడ వేశాను. గోడ అడుగున నల్లరేగడి రంగు లేతగా పూశాను. అప్పుడు మందిరం నేల మీద కూర్చుంది. గోపురం నీడ మాత్రం పక్క స్థలంలోకి పోయి ఏదో ఎర్రటి దాని మీద పడింది. పెద్దది చేసి చూస్తే కళ్లంలో ఎండుతున్న మిరపకాయలు, వాటి మధ్య వంగి ఉన్న ఒక మనిషి.

ఆ సాయంత్రం మాస్టారు ప్రింటు చూసి, నిజంగా కట్టినట్టే ఉందన్నారు. తర్వాత కళ్లం చూశారు. అది మరియమ్మదట. రెండెకరాలు కౌలుకి చేస్తుంది, కాయ ఆరబోసుకోవడానికి ఆ నేల చెక్క తప్ప వేరే చోటు లేదు. ఇది చూస్తే గొడవ పెట్టుకుంటుంది, నీడ మందిరం గుమ్మం దాకా తగ్గించమన్నారు. కస్టమరు చెప్పినట్టు చెయ్యమని ఓనరు అన్నారు. చేశాను. మూడుసార్లు చెరిపి మూడుసార్లు వేశాను. నేల రంగు కలిసింది, అంచు కలిసింది. ఎవరూ పట్టుకోలేరనిపించింది. అయినా మొదటి ప్రింటు చింపబుద్ధి కాలేదు. కొత్త ప్రింటు పెట్టిన కవర్లోనే అట్ట వెనక దాచాను.

పెద్ద ప్రింటు ఆదివారం నేనే తీసుకెళ్లి ఇవ్వాలి. ఆరాధన అయ్యాక మాస్టారు దాన్ని బల్ల మీద నిలబెట్టారు. అందరూ మెచ్చుకుంటున్నారు. ఒకావిడ మాత్రం దగ్గరికొచ్చి చాలాసేపు చూసింది. ఎవరో పిలిస్తే తెలిసింది, ఆవిడే మరియమ్మ.

“మాస్టారూ, కరెంటు స్తంభం నీడ నా కాయలు పోసిన పట్టాల దాకా వచ్చింది గదా. దానికి రెండింతలున్న గోపురం నీడేమో గుమ్మం కాడే ఆగింది. దేవుడి మందిరానికి పొద్దు వేరే ఉంటదా?”

వెనక ఎవరో నవ్వారు. ఫొటోల్లో అలాగే ఉంటుందిలే అన్నారు మాస్టారు.

“నాకు గడియారం లేదండి. నీడ చూసే పనికి పోతా, నీడ చూసే ఇంటికొస్తా,” అంది మరియమ్మ.

మాస్టారు నా వైపు చూశారు. నా చేతులు కవరు మీదే ఉన్నాయి. అట్ట తీసి మొదటి ప్రింటు బల్ల మీద పెట్టి, కొలిచి వేసింది ఇది అని చెప్పాను. మరియమ్మ ఆ ఎరుపు మీద వేలు పెట్టింది.

“మూడింటికే నా కళ్లం నీడన పడుద్ది. పచ్చి ఆరక కాయంతా తాలైపోద్ది.” తాలంటే రంగు పోయి తెల్లబడ్డ కాయ, మిర్చి యార్డులో దాన్ని వేరే కుప్ప పోసి తక్కువ ధర కడతారు.

సోమవారం ముగ్గు పోయలేదు. సంఘం వాళ్లు ఇంజనీర్ని పిలిపించి గోపురాన్ని పడమటి మూలకి మార్చి, మందిరాన్ని పది అడుగులు వెనక్కి జరిపారు. కొత్త బొమ్మకి నీడ మళ్లీ నేనే వేశాను, కళ్లాన్ని తాకకుండా ఇవతలే ఆగింది. కస్టమరు మాట దాటానని ఓనరు వారం రోజులు నాతో సరిగా మాట్లాడలేదు. మాస్టారు కృతజ్ఞతలేమీ చెప్పలేదు, నేనూ ఆశించలేదు.

ఆ తర్వాత కళ్లు సహకరించినంత కాలం, పదకొండేళ్లు, ఆ పని చేశాను. ఏ భవనం బొమ్మ వచ్చినా, ఫొటో ఎన్నింటికి తీశారని ముందు అడిగేదాన్ని. ఫొటోలో నిలబడి ఉన్నదాని నీడ కొలిచాకే భవనం పెట్టేదాన్ని. కొలత ఎక్కడిదాకా వస్తే నీడ అక్కడిదాకా. తగ్గించమన్నవాళ్లకి పక్క స్టూడియో చూపించేదాన్ని.