తెరవకూడనివాళ్ళకి మూసుందా?

మా చిన్నకోడలు బట్టల ఫ్యాక్టరీలో కంప్యూటర్లు చూసుకుంటుంది. గ్యాసు ఆపానా, కుళాయి కట్టేశానా అని రెండేసిసార్లు వెనక్కొచ్చి చూసుకునే మనిషి. అలాంటిది ఆఫీసులో ఒక్క తలుపు వదిలేసింది.

ఫ్యాక్టరీ ఫైళ్ళన్నీ పాత కంప్యూటర్లోంచి క్లౌడ్‌లోకి మార్చే పని దానికి అప్పజెప్పారు.

"క్లౌడంటే ఎక్కడే?" అన్నాను.

"ఎక్కడో వేరేవాళ్ళ కంప్యూటర్లో, అత్తయ్యా."

"సామాను పరాయింట్లో పెట్టి గుండెల మీద చెయ్యేసుకుని నిద్రపోతారా? బాగుంది సంబడం!"

"ఏ ఫోల్డరు ఎవరు తెరవాలో తాళాలుంటాయి లెండి."

ఆ తాళమే కొంప ముంచింది. పనివాళ్ళ జబ్బులూ మందులూ రాసుకునే ఫ్యాక్టరీ నర్సు ఫోల్డరుకి పాతచోట విడిగా తాళం ఉండేది. మార్చేటప్పుడు అది ఊడిపోయింది. కోడలు తన పేరుతో అన్నీ తెరిచి చూసుకుంది. అన్నీ తెరుచుకున్నాయని సంబరపడింది. తెరవకూడనివాళ్ళకి మూసుందా అని మాత్రం చూడలేదు.

ప్యాకింగు సూపర్వైజరమ్మ మనసు బాగోక మందులు వాడుతోంది. ఆ సంగతి ఆ ఫోల్డర్లోనే ఉంది. కోడలు కొత్తగా చేరినప్పుడు పక్కన కూర్చోబెట్టుకుని తన డబ్బాలో కూర పెట్టిన మనిషి ఆవిడ. ఓరోజు క్యాంటీన్లో, ఆ ఫోల్డరు తెరిచి చదివేసిన స్టోర్సు గుమాస్తా అందరి ముందూ, "ఏమ్మా, మాత్ర పడిందా? లేకపోతే మా మీద పడతావేమో!" అన్నాడట. వాడి నోట్లో మన్ను పడ! ఆవిడ డబ్బా మూసుకుని లేచిపోయింది.

కోడలు పరిగెత్తి తాళం వేసింది. మేనేజరు, "క్లౌడ్ కంపెనీవాళ్ళ పొరపాటందాం, నువ్వు మాట్లాడకు" అన్నాడు. మాట్లాడలేదు. కానీ ముద్ద దిగితేగా!

"తప్పు నాది అత్తయ్యా. చెబితే ఆ ప్యాకింగక్క నా మొహం చూడదు."

"చూడకపోతే మానె. నర్సే బయటికి చెప్పేసిందనుకుని ఆవిడ ఆ పిల్లతో మాటలు మానేసిందన్నావుగా. నీ పాపం నర్సు మోయాలా?"

మర్నాడు వెళ్ళి చెప్పింది. ఆవిడ పెట్టెలకి టేపు అంటిస్తూనే ఉందట.

"ఇప్పుడు మూశావా?"

"మూశానక్కా. చూపిస్తా రండి."

"నీ కంప్యూటర్లో కాదు, వాడి దాంట్లో చూపించు."

గుమాస్తా చేతే నొక్కించారు. తెరుచుకోలేదు. వాడు తల దించుకున్నాడు. ఆవిడ నర్సు గదివైపు నడిచింది. కోడల్ని రమ్మనలేదు.

ఆవిడ ఇప్పటికీ క్యాంటీన్‌కి రాదు. కోడలు మాత్రం రోజూ ఇద్దరికి సరిపడా కూర పట్టుకెళ్తుంది. సగం అలాగే తిరిగొస్తుంది.

"ఎందుకే ఈ మోత?" అంటాను.

"ఉండనివ్వండి అత్తయ్యా" అంటుంది, డబ్బా కడుగుతూ.