డెబ్బై ఏళ్లు దాటాక బోయిగూడకు తిరిగొచ్చిన బంతి

మా ఇంట్లో నానమ్మ పట్టుచీరలకంటే భద్రంగా దాచిన వస్తువు ఒకటుండేది. అది తాతయ్య తోలు బంతి. గాలి పట్టే వయసు ఎప్పుడో దాటిపోయింది కాబట్టి ఆకారం చెడకుండా లోపల పాత లుంగీలు కుక్కారు. ప్రతి ఆదివారం తాతయ్య దానికి ఆముదం పట్టించేవారు. "ఈ ఇంట్లో నా తలకంటే దానికే నూనె ఎక్కువ ఖర్చవుతోంది" అని నానమ్మ సణిగేది.

తాతయ్య వెంకటేశు పెరిగింది సికింద్రాబాదు బోయిగూడలో. తిరుమలగిరిలో సిపాయిలు ఫుట్‌బాల్ ఆడుతుంటే కంచె బయట నిలబడి చూసి ఆట నేర్చుకున్న బస్తీ కుర్రాళ్లు క్లబ్బు పెట్టుకున్నారు. పేరుకి క్లబ్బే గాని బూట్లు లేవు, ఉన్నది ఒక్కటే బంతి. అందుకని వాళ్లకో నియమం. ఆదివారం మ్యాచ్‌లో చేతికందిన గోలు తప్పినవాడు బంతిని ఇంటికి తీసుకెళ్లి, తుడిచి, కొవ్వో నూనో పట్టించి, పై ఆదివారం తేవాలి. నలభై ఎనిమిది సెప్టెంబరులో ఒక ఆదివారం బంతి తాతయ్యతో ఇంటికి వచ్చింది. మర్నాడే పోలీసు చర్య మొదలైంది. ఆట మళ్లీ షురూ కాకముందే రైల్వేలో పనిచేసే ముత్తాతకు బెజవాడ బదిలీ అయింది. సామాన్లతో బాటు బంతీ వచ్చేసింది. "వచ్చే నెల వెళ్లి ఇచ్చేస్తా" అంటూనే తాతయ్య జీవితం గడిచిపోయింది. అక్కడివాళ్లు తనను బంతిదొంగ అనుకుంటున్నారని ఆయన బెంగ. నిరుడు పోయే ముందు నా చేయి పట్టుకుని చెప్పిన పని అదొక్కటే: "అది వాళ్లకిచ్చి, క్షమించమని అడుగమ్మా."

ఆ క్లబ్బు ఇంకా ఉందని, ఆదివారాలు నాలుగింటికి తిరుమలగిరిలో ఒక మైదానంలో ఆడుతుందని మా పిన్ని కొడుకు కనుక్కుని చెప్పాడు. ఆనాటి కెప్టెన్ ఖాజా మియా తొంభై దాటినా ప్రతి ఆటకూ వస్తారట. ఆ మాట విన్నాక నాకు సంతోషం కంటే భయమే ఎక్కువ వేసింది. ఒక ఆదివారం పొద్దున ఆరున్నరకు విజయవాడలో రైలెక్కాను. కూర్చునే సీటుకు రెండు వందల లోపే అయింది. ఒంటిగంటకల్లా సికింద్రాబాదులో దిగి, పదో నంబరు ప్లాట్‌ఫాం వైపు బయటికి వచ్చాను. బోయిగూడ అక్కడే, ఆటో ఎక్కే పనే లేదు.

తాతయ్య చెప్పిన సందు దొరకలేదు గాని, ఆ దగ్గర్లోనే మంచి హోటలు దొరికింది. ఇరవై రూపాయల ఇరానీ చాయ్ తాగుతూ, వంట చూసుకునే పెద్దాయనను క్లబ్బు గురించి అడిగాను.

"పాత క్లబ్బేనా? మా నాయిన జెప్తుండె. ఎవడో గోలు తప్పిండట, బంతి ఎత్కొని బెజవాడ పోయిండట" అన్నాడాయన, ఉస్మానియా బిస్కెట్లు ముందు పెడుతూ.

ఆ బంతి నా ఒళ్లోనే, గుడ్డసంచిలో ఉంది. సంచిని ఇంకాస్త దగ్గరికి లాక్కున్నాను. అక్కడినుంచి తిరుమలగిరికి ఆటోవాలా రెండు వందల యాభై అడిగి రెండు వందలకు ఒప్పుకున్నాడు. దారి పొడుగునా అద్దంలో నా సంచినే చూశాడు.

"ఏందక్కా, గంత గట్టిగ పట్టుకున్నవు? బంగారమా?"

"బంతి."

"బంతా! నేనేమో గుమ్మడికాయ అనుకున్న. గుమ్మడికాయకు జెర రేటు ఎక్కువైతది" అని వాడే నవ్వుకున్నాడు. నాకూ కాస్త ధైర్యం వచ్చింది.

మైదానం పక్కన ప్లాస్టిక్ కుర్చీలో, తెల్ల టోపీతో, ఆటగాళ్లందరినీ తిడుతున్న ముసలాయన కనిపించారు. ఖాజా మియా ఎవరని అడగాల్సిన పని పడలేదు. బంతి ఆయన ఒళ్లో పెట్టి, ఎవరి మనుమరాలినో చెప్పాను. "తాతా, చాలా ఆలస్యమైంది. ఆ రోజు గోలు తప్పింది తానేనని, బంతి తేలేకపోయినందుకు క్షమించమని అడగమన్నారు."

ఆయన బంతిని వాసన చూశారు, కుట్లు తడిమారు.

"గట్ల జెప్పిండా?" అన్నారు చివరికి. "ఝూట్ బిడ్డా. తప్పింది నేను. ముందట ఖాళీ గోలు, కీపర్ కింద పడ్డడు. నేను కొడితే గోలు మీదికెళ్లి పోయింది. బంతి నా వంతు. గని ఫౌజు వస్తదని అంతట పరేషాన్. మా అబ్బా మమ్మల్ని మామ ఇంటికి పంపనీకె సామాన్ కట్టిస్తుండె. మీ తాత నా చేతులకెంచి గుంజుకుండు. 'నీ తక్లీఫ్ నీకుంది, ఈ వారం నేను తీస్కపోత' అన్నడు."

"మరి బస్తీలో అలా ఎందుకనుకున్నారు?"

"కెప్టెన్‌ను గదా! ఖాళీ గోలు తప్పిన అని ఎట్ల జెప్తా? వెంకటేశు తప్పిండు, తీస్కపోయిండు అన్న. గదే నడిచింది." ఆయన టోపీ సర్దుకున్నారు. "ఆడు సుత నా ఇజ్జత్ కోసం ఇంట్ల గదే జెప్పిండు, చూడు."

అప్పుడే విరామం ఇచ్చారు. ఖాజా మియా కుర్చీలోంచి లేచి, ఇప్పుడు జట్టును నడిపిస్తున్న తన మనవడు సలీంను పిలిచి, అందరినీ చుట్టూ నిలబెట్టి, ఆ మాటే మళ్లీ చెప్పారు, ఈసారి గట్టిగా. నాకు కళ్లనీళ్లు ఆగలేదు.

సలీం గొంతు సవరించుకున్నాడు. "దాదా, రూల్ రూలే. గోలు తప్పినోడే బంతి ఇంటికి తీస్కపోవాలె." మైదానమంతా చప్పట్లు, ఈలలు. ఖాజా మియా బంతిని చంకలో పెట్టుకుని నన్నడిగిన మాట ఒక్కటే: "మేం కొవ్వు రాస్తుంటిమి. ఆముదం ఎంత రాయాలె?"

తాతయ్యకు క్షమాపణ తేవడానికి వెళ్లాను. తీరా చూస్తే ఆయన చేసిన తప్పే లేదు, స్నేహితుడి వంతు తన వంతుగా మోశారంతే. ఖాజా మియా అందరి ముందూ నిజం ఒప్పుకున్న సంగతి తెలియకుండానే ఆయన పోయారని బాధగా ఉంది. తెలిసినా నవ్వి ఊరుకునేవారేమో. మీరూ ఆట చూడాలనుకుంటే ఆదివారం మూడున్నరకే చేరుకోండి, చెట్టు నీడలో కుర్చీలు నాలుగే ఉన్నాయి. మా ఇంట్లో మొన్న ఆదివారం నానమ్మ అలవాటుగా ఆముదం సీసా దించి, బంతి లేని గూటి ముందు కాసేపు నిలబడింది. తర్వాత నా వైపు తిరిగి అడిగింది: "ఫోన్ చెయ్యవే, ఆ కెప్టెన్ రాశాడో లేదో!"