మండ లేదని ఆగిన ప్యాకేజీ

అన్న పోయాక ఆయన బట్టలు వదిన పంచిపెట్టింది. పుస్తకాలు నేను తెచ్చుకున్నాను. మిగిలింది ఆర్మూర్ మార్కెట్ యార్డు ఎదుట, రైతుల పంటను కమీషన్ మీద అమ్మిపెట్టే అడ్తి దుకాణంలో ఆయన రాసిపెట్టిన ప్రోగ్రాము. రైతు పసుపు కాంటా దిగగానే తూకం, తరుగు, ధర అచ్చయిన చీటీ చేతికొచ్చేది. దాన్ని తక్‌పట్టీ అంటారు. మిగతా దుకాణాల్లో అది ఇంగ్లీషులో వచ్చేది, లేదంటే గుమాస్తా గీతల్లో. అన్నది మాత్రం తెలుగులో వచ్చేది.

ఆ దుకాణంలోని పాత కంప్యూటరు గరగరమని చప్పుడు చేయడం మొదలుపెట్టింది. సేటు కొత్తది కొన్నాడు. నేను పెర్కిట్‌లో కంప్యూటర్ సెంటర్లో పాఠాలు చెప్పుకునేదాన్ని. నన్ను పిలిపించి మాట్లాడాడు.

"సూడు బిడ్డా, ఈ సీజను బోణీ దాకా ఆగుత. కొత్త దాంట్ల మీ అన్న ప్రోగ్రాము నడిస్తే సరి. లేకుంటే నిజామాబాద్ల ఒకాయన అమ్ముతుండు, గదే పెట్టిస్త. రైతును నిలవెట్టలేం గదా."

ఆయన మాటలో తప్పేమీ లేదు. కానీ అది ఆగిపోతే ఆ యార్డులో అన్న చేసిన పని ఇంకేమీ మిగలదు.

ప్రోగ్రామును యథాతథంగా కొత్త కంప్యూటర్లోకి ఎక్కించి చూశాను. నడవలేదు. అన్న దాన్ని పెర్ల్ భాషలో రాశాడు. పెర్ల్ ప్రోగ్రాము తనకు కావలసిన పనులకు మాడ్యూళ్లు అనే వేరే ఫైళ్లను పిలుచుకుంటుంది. కొన్ని ఇంటర్నెట్‌లో దొరికేవి, కొన్ని అన్న సొంతంగా రాసుకున్నవి. అవసరం పడ్డప్పుడల్లా ఒక్కొక్కటి తెచ్చి పాత దాంట్లో పెట్టుకుంటూ పోయాడు. ఏవేవి పెట్టాడో ఎక్కడా చెప్పలేదు. వదినను అడిగితే, "మీ అన్న బజారుకు పోతున్న అని సుత చెప్పకపోవు. గియ్యన్ని నాకు చెప్తడా?" అంది. చాలా రోజుల తర్వాత ఆమె నవ్వడం అప్పుడే చూశాను.

ఆ కంప్యూటర్‌ను నడిపే లినక్స్‌లో దీనికొక పద్ధతి ఉంది. ప్రోగ్రామును ప్యాకేజీగా కడుతున్నప్పుడు, కట్టే పరికరం ఒక్కో ఫైలును చదువుతుంది. ఎక్కడ ఏ మాడ్యూలును పిలిచినట్టు రాసి ఉందో గుర్తించి, ఆ పేర్లను ప్యాకేజీ మీద తానే రాసుకుంటుంది. తర్వాత ఎక్కించబోతే, అందులో ఏది లేకున్నా పేరు చెప్పి ఆగిపోతుంది. అన్న చెప్పకుండా పోయినవి అది నాకు చెప్పింది. ఒక్కో పేరు కనపడగానే ఆ మాడ్యూలును వెతికి, దానికీ ఒక ప్యాకేజీ కట్టి, మళ్లీ ప్రయత్నించాను. చివరికి అన్నీ దొరికాయి. ఎక్కించమంటే ఎక్కింది.

పసుపులో కొమ్ము, మండ అని రెండు రకాలు. కొమ్ములు వేళ్లలా పొడుగ్గా ఉంటాయి, మండ గుండ్రటి తల్లిదుంప. ఆ దుకాణంలో బోణీ ఎప్పుడూ కొమ్ముతోనే. బోణీ కాకముందు మండ పేరు కూడా ఎత్తనిచ్చేవాడు కాదు సేటు. అందువల్ల నేను పరీక్షించిన చీటీలన్నీ కొమ్మువే.

బోణీ నాడు కొబ్బరికాయ కొట్టారు. మొదటి చీటీ తెలుగులో, తప్పు లేకుండా వచ్చింది. సేటు దాన్ని కళ్లకద్దుకున్నాడు. తర్వాత కమ్మర్‌పల్లి నుంచి వచ్చిన ఒక రైతమ్మ వంతు. ఆమె కొమ్ముకు చీటీ వచ్చింది. మండకు ప్రోగ్రాము ఆగిపోయింది.

"ఏందమ్మా, మా మండ ఏం పాపం చేసింది?" అంది ఆమె. "కొమ్ముకైతే కాయిదం అచ్చె. గీ డబ్బాకు సుత బారుగున్నోళ్లే నచ్చుతరా?"

హమాలీలు నవ్వారు. సేటు నవ్వలేదు. "చాయ్ తాగేదాక సూస్త" అని ఫోను పక్కన కూర్చున్నాడు. రైతమ్మ మాత్రం తన బస్తా మీద కుదురుకుని, "నాకేం తొందర లేదు, సూడు బిడ్డా" అంది.

అన్న రాసినది తెరిచి చదివాను. మండకు తరుగు వేరు, లెక్క వేరు. అందుకని పసుపుకే కాదు, దుకాణానికి వచ్చే మక్కజొన్న లాంటి వాటికి కూడా రకానికొక మాడ్యూలు రాసుకున్నాడు. కొమ్మును మొదట్లోనే పేరు పెట్టి పిలిచాడు, కాబట్టి పరికరం దాన్ని చూసింది. మిగతా రకాలను అట్లా పిలవలేదు. గుమాస్తా ఏ రకం నొక్కితే ప్రోగ్రాము ఆ క్షణంలో ఆ పేరు కూర్చుకుని మాడ్యూలును పిలుస్తుంది. నడిచేటప్పుడు పుట్టే పేరు, చదివే పరికరానికి ఎట్లా కనిపిస్తుంది? అది అడిగినవన్నీ నేను ఇచ్చాను. అడగనివి అక్కర్లేదనుకున్నాను.

పాత కంప్యూటరు ఇంకా మూలన గరగరలాడుతూనే ఉంది. మండ మాడ్యూలును అందులోంచి తీసి, ప్యాకేజీ కట్టి, కొత్త దాంట్లో ఎక్కించాను. సేటు చాయ్ కప్పు కింద పెట్టేలోపే ప్రింటరు కదిలింది. రైతమ్మ చీటీని కూడబలుక్కుంటూ పైకి చదివింది. తన పేరు, ఊరు, మండ, తరుగు. "నా పేరు సక్కగనే ఉన్నది" అని మడిచి కొంగుకు ముడి వేసుకుంది. సేటు ఫోను దగ్గర్నుంచి లేచాడు.

అంతటితో వదిలేయాలనిపించలేదు. రేపు ఇంకో రకం వస్తే ఇట్లాగే ఎవరో ఒకరు బస్తా మీద కూర్చోవాలి. మాడ్యూళ్లను గుర్తించే పనికి మనం రాసిన ప్రోగ్రామును పెట్టుకోవడానికి ఆ పరికరం వీలిస్తుంది. ఆ వారం కూర్చుని ఒకటి రాశాను. అది ముందు పరికరం చేసే పనంతా దానితోనే చేయిస్తుంది, తర్వాత దుకాణంలో అమ్మే రకాల పేర్లు చూసి వాటి మాడ్యూళ్లను కూడా కలుపుతుంది. సెంటర్లో ఖాళీగా ఉన్న ఒక కంప్యూటరు మీద, కావాలనే మండ మాడ్యూలు పెట్టకుండా, ప్యాకేజీ ఎక్కించి చూశాను. మండ లేదని చెప్పి ఆగింది.

ఒక యంత్రం ససేమిరా అంటే అంత సంతోషం కలుగుతుందని నాకు తెలియదు. మళ్లీ ఎక్కించబోయాను. మళ్లీ వద్దంది. అన్న పోయిన తర్వాత నేను గట్టిగా నవ్వింది ఆ గదిలోనే.

మరుసటి సీజనుకు సేటు కమ్మర్‌పల్లిలో, భీమ్‌గల్‌లో కూడా దుకాణాలు తెరిచాడు. నేను ఎక్కడికీ వెళ్లలేదు. సీడీలు బస్సులో పంపాను. భీమ్‌గల్ గుమాస్తా ఫోను చేసి, "అక్కా, మక్కలది లేదని ఆగింది" అన్నాడు. ఆ ఒక్కటి సీడీలో పెట్టడం మరిచాను. మరునాటి బస్సులో పంపితే, అన్న ప్రోగ్రాము అక్కడా నడిచింది. నిజామాబాద్ ఆయన సంగతి మళ్లీ ఎవరూ ఎత్తలేదు.

ఆర్మూర్‌లో ఆ యేడు బోణీకి నన్ను రమ్మన్నారు. పాత కంప్యూటరును అప్పటికే తీసేశారు. దాని చోట నీళ్ల కుండ ఉంది. మొదటి బండిలో మండ వచ్చింది. గుమాస్తా కాంటా దగ్గర ఆగి సేటు వైపు చూశాడు, కొమ్ము బండి కోసం ఆగాలా అని.

సేటు ప్రింటరును చూశాడు, నన్ను చూశాడు.

"ఆగుడెందుకు? మండతోనే కొట్టు బోణీ" అన్నాడు.