చెమట చార లేని ముఖం

నా నోరు మంచిది కాదు. ఆర్మూర్‌లో నాతో పనిచేసినవాళ్ళెవరిని అడిగినా ఈ మాట చెబుతారు. "నోరు మంచిగుంటె ఊరు మంచిగుంటది బిడ్డా" అని మా అమ్మ మొత్తుకునేది. నేను నవ్వేసేదాన్ని. నలుగురితో పని చేయించేదానికి నోరు లేకపోతే ఎట్లా అనుకునేదాన్ని.

నేను పసుపు గోదాములో సూపర్‌వైజర్ని. పేరుకే పెద్ద మాట. రేకుల షెడ్డు కింద ఇరవై మంది ఆడవాళ్ళు గోనె పట్టాల మీద కూర్చుని పసుపు ఏరుతారు. పొడుగు కొమ్ములు ఒక కుప్ప, గుండ్రటి గోళలు ఒక కుప్ప, పుచ్చినవీ విరిగినవీ ఇంకో కుప్ప. వాళ్ళ మధ్య తిరుగుతూ అజమాయిషీ చేయడం నా పని. అంతకుముందు పదేళ్ళు నేనూ అదే పట్టా మీద కూర్చుని ఏరినదాన్నే. నాలుగు అక్షరాలు రాయడం వచ్చు గనుక సేటు నన్ను లేపి నిలబెట్టాడు.

ఆ పదేళ్ళూ నా పక్కన కూర్చున్నది మాక్లూర్ నుంచి ఆటోలో వచ్చే ఒకామె. ఒకరినొకరం వదినె అని పిలుచుకునేవాళ్ళం. ఆమె చేతులు చూడాలి! కళ్ళు నా ముఖం మీదే ఉండేవి, నోట్లో ఏదో ముచ్చట నడుస్తుండేది, వేళ్ళు మాత్రం తడుముకుంటూనే కొమ్మునూ గోళనూ వేరు చేసేవి. ఎంత ప్రయత్నించినా నాకు ఆ విద్య పట్టుబడలేదు.

మా షెడ్డులో పది నిమిషాలు కూర్చుంటే ఎవరి ముఖమైనా పచ్చబడుతుంది. ఆ పొడి మీద చెమట కారితే కణతల నుంచి దవడ దాకా చారలు పడతాయి. ఎవరు ఒళ్ళు వంచుతున్నారో, ఎవరు కబుర్లతో పొద్దుపుచ్చుతున్నారో ఆ చారలే చెబుతాయని మా అందరి నమ్మకం. కొత్తగా చేరినవాళ్ళను పాతవాళ్ళు ఆటపట్టించేవారు. "ఏందే, పెండ్లిపిల్లవా? పెట్టిన పసుపు పెట్టినట్లే ఉన్నది, ఒక్క చార లేదు!" అందరం విరగబడి నవ్వేవాళ్ళం. సూపర్‌వైజర్నయ్యాక నవ్వులాటకు అన్న ఆ మాటనే నేను కొలతగా పెట్టుకున్నాను.

ఎండలంటారా, ఇంత ఎండ ఎన్నడూ ఎరగమని ప్రతి ఏడూ అనుకుంటూనే ఉన్నాం. ఆ ఏడు మే నెలలో రేకుల కింద ఊపిరి తీసుకుంటే ముక్కు మండేది. ఫ్యాన్ వేస్తే పొడి లేచి కళ్ళలో పడుతుందని వేయనిచ్చేదాన్ని కాదు. నీళ్ళు తాగితే బయటికి పోవాలి. మరుగుదొడ్డి ఆవరణకు ఆ చివరన ఉంది, లారీలను, మగవాళ్ళను దాటుకుంటూ పోవాలి. అందుకని చాలామంది పొద్దున్నుంచే గొంతు తడుపుకోవడం మానేసేవారు. లేచిన ప్రతిసారీ నా చూపు వాళ్ళ వీపు మీదే ఉండేదన్నది కూడా నిజం. ఎండకు మందల్లా కొంగున కట్టుకున్న ఉల్లిగడ్డ ఒకటే.

ఒకరోజు అంతా కలిసి నా దగ్గరికి వచ్చారు. "అక్కా, పొద్దుగాల ఆరింటికే వస్తం. పదకొండు కొట్టంగనే పోతం. సేటుతోని జర చెప్పరాదు."

"మీ కోసం లారీలు ఆగుతయా?" అని కసిరి పంపాను. సేటును అడగనైనా లేదు.

ఆ తరువాతి వారంలోనే జరిగింది. మధ్యాహ్నం రెండు దాటింది. సాయంత్రానికి లారీ నింపాలి. వదినె కొమ్ముల కుప్పలో నాకొక గోళ కనబడింది. ఇంకొంచెం కెలికితే ఇంకొకటి, ఆ పక్కనే మరొకటి. ఆమె కుప్పలో!

"ఏంది వదినె, కండ్లు పోయినయా?" అన్నాను.

ఆమె తలెత్తింది. ముఖమంతా ఒకే తీరుగా పసుపు. ఎక్కడా చార లేదు. పొద్దున్నుంచి ఉత్తగనే కూర్చుందనుకుని నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. అందరికీ వినబడేటట్టు అరిచాను. "చూడుండ్రి! మొఖం మీద చెమట సుక్క లేదు. పెండ్లిపిల్ల లెక్క కూసున్నది. మీరందరు చెయ్యాలె, ఈమె చూడాలెనా?"

ఈసారి ఎవరూ నవ్వలేదు. ఆమె ఏదో అనబోయింది, నాలుక తిరగలేదు. మొండికేసిందనుకున్నాను. ఆమె మళ్ళీ కుప్ప మీదికి వంగింది. ఒక గోళ తీసి కొమ్ముల్లో వేసింది. మరొకటి తీసి అదీ కొమ్ముల్లోనే వేసింది. అట్లా వేస్తూ వేస్తూనే పక్కకు ఒరిగిపోయింది.

చెయ్యి పట్టుకుంటే పెనం పట్టుకున్నట్టు కాలింది. నీళ్ళు కుమ్మరించి, ఆటోలో వేసుకుని దవాఖానకు ఉరికాం. ఆమె భర్త కూడా అక్కడికే వచ్చాడు. డాక్టరు అడిగిన మొదటి ప్రశ్న, చెమట పట్టడం ఎప్పుడు ఆగిపోయిందని. ఒంట్లో వేడి బయటపడే దారి అదేనట. అది మూసుకుపోతే మనిషి తడబడుతుందట, చేతులు చెప్పిన మాట వినవట, అప్పుడు ప్రతి నిమిషమూ లెక్కేనట. భర్త నా వైపు చూశాడు. జవాబు నాకు తెలుసు. ఇరవై మంది ముందు ఆ జవాబునే అరిచి మరీ చెప్పి వచ్చాను.

"తెల్వది సార్" అన్నాను.

ప్రాణం దక్కింది. వానలు పడ్డాక మాక్లూర్ పోయాను. అన్నాళ్ళు ఎందుకు పోలేదంటే, పోవడానికి నాకు ముఖం లేదు. ఆమె గడపలో కూర్చుని చాటలో బియ్యం ఏరుతోంది. కుడిచెయ్యి వణుకుతోంది. రాయి దొరికినట్టే దొరికి వేళ్ళ సందున జారిపోతోంది. ఆ వేళ్ళను చూడలేక నేను గోడ వైపు చూశాను. ఆమె మాత్రం ఎప్పటిలాగే కూర్చోమని పీట జరిపింది, చాయ పెట్టమని కోడలికి చెప్పింది. మనసులో నన్ను తిట్టుకున్నదో లేదో, ఒక్క మాటైనా బయటపెట్టలేదు.

చాయ తాగడం అయ్యాక అన్నది. "వదినె, గా దినం నేను ఉత్తగ కూసోలే. పని చేసిన."

"తెలుసు వదినె."

"నాకు చెప్తె ఏమొస్తది? గా మాట అందరి ముంగట అన్నవు. గిది సుత అందరి ముంగటనే చెప్పు."

మళ్ళీ సీజను రాగానే మొదట సేటును అడిగాను, పని వేళలు మార్చమని. "గింతేనా? పోయినేడు చెప్పకపోతివి?" అన్నాడు. ఒక్క మాటతో అయిపోయింది. ఆ మాటే ముందు ఏడు అడిగి ఉంటే అన్న ఆలోచన ఇప్పటికీ నన్ను వదలదు. ఆరింటికి అంతా పట్టాల మీద కూర్చున్నారు. వదినె చోటు ఖాళీగానే వదిలేశారు. నేను అక్కడ నిలబడి చెప్పాను.

"గా దినం వదినె పనిచేసుకుంటనే ఉండె. ఎండదెబ్బకు చెమట ఆగిపోయింది. నేను చూసి సుత తెల్సుకోలే. తప్పు నాదే."

అందరిలోకీ పెద్దావిడ చేతిలో పని ఆపకుండానే అన్నది. "మాకు గా దినమే తెల్సు బిడ్డా. అన్నం కాడనే చూసినం. ముద్ద నోట్లె పెట్టలే, చేతులు వణికినయి."

"మరి నాకెందుకు చెప్పలే?"

ఆమె ఒక కొమ్ము తీసి కొమ్ముల్లో వేసింది. ఒక గోళ తీసి గోళల్లో వేసింది.

"నీకు చెప్పెటట్లు ఉంటివా బిడ్డా?"