కూతురికి పంపిన శబ్బాతు పాట

తొంభైల మధ్యలో దోహాలో, ఫరీజ్ అబ్దుల్ అజీజ్ అనే పేటలో కొందరం ఒక గదిలో ఉండేవాళ్లం. నేను కరీంనగర్ నుంచి వెళ్లి బిల్డింగ్ పనిలో చేరాను. నా పక్క మంచం మీద గుంటూరు వైపు నుంచి వచ్చిన ఒకన్న ఉండేవాడు. ఆయన ఒక కంపెనీలో డ్రైవరు. శుక్రవారం సాయంత్రం మిగతావాళ్లు బజారుకు పోతే, ఆయన స్నానం చేసి, ఉతికిన చొక్కా వేసుకుని, సన్నగా ఏదో పాడుకునేవాడు. రాగం మా వైపు నాట్లప్పుడు పాడే పాటలా ఉండేది. మాటలు మాత్రం తెలుగు కాదు, అరబ్బీ కూడా కాదు.

ఆగలేక ఒకరోజు అడిగాను.

"గదేం పాటనే అన్నా?"

"శబ్బాతు పాట తమ్ముడూ. శుక్రవారం పొద్దుగూకితే మాకు విశ్రాంతి రోజు మొదలవుతుంది. మేం యూదులం."

"నువ్వు గుంటూరోనివి గదనే!"

"గుంటూరోణ్ణే, యూదుణ్ణే," అని నవ్వాడు.

వాళ్ల ఊళ్లో అలాంటి కుటుంబాలు కొన్ని ఉన్నాయట. పెద్దవాళ్లు దేవుడి పాటలు తెలుగులోనే పాడుకునేవారట. యూదుల పాత భాష హీబ్రూ మాటలు ఈమధ్యే నేర్చుకున్నారు. ఈయనకు ఆ అక్షరాలు రావు. అందుకని విన్న మాటల్ని వాళ్లమ్మ పొలంలో పాడే రాగంలో పెట్టుకుని గుర్తుంచుకున్నాడు.

"మరి అర్థం?"

"సగం తెలుసు."

అప్పట్లో ఊరికి మాటలు రికార్డు చేసి క్యాసెట్లు పంపేవాళ్లం. చిన్న కూతురికి ఆ పాట నేర్పాలని ఆయన ఆశ. నా టేప్ రికార్డర్ తీసుకుని, కిటికీ మూసి, గొంతు తగ్గించి పాడాడు. ఒకసారి విననైనా వినకుండా, ఊరికి పోయే మనిషికి ఇచ్చి పంపాం.

కొన్నాళ్లకు జవాబు క్యాసెట్ వచ్చింది. ఇద్దరం చెవులు దగ్గర పెట్టి విన్నాం. పిల్ల ఎక్కడా తడబడకుండా పాడింది. చివర్లో అదే రాగంలో, అచ్చం నా యాసలో, "అన్నా, చాయ్ అయింది, దా!" అని సాగదీసింది. రికార్డు చేస్తున్నప్పుడు నేను తలుపు బయటి నుంచి పిలిచిన పిలుపది. అదీ దేవుడి మాటే అనుకుంది పాపం.

అన్న కళ్లనీళ్లు వచ్చేలా నవ్వాడు. నవ్వుతూనే కళ్లు తుడుచుకుని ఇంకోసారి పెట్టమన్నాడు.

ఆ శుక్రవారం నేను బజారుకు పోలేదు. పొద్దుగూకక ముందే ఆయన కొత్త క్యాసెట్ పెట్టి, మొదట ఆ చాయ్ మాట పాటలోంచి తీసెయ్యమని కూతురికి చెప్పి, ఇంకో పాట అందుకున్నాడు. అయిపోయాక ఒక్కో మాటకూ అర్థం అడిగాను. కొన్ని చెప్పాడు. కొన్ని తనకూ తెలియవన్నాడు.

"ఊళ్లో హీబ్రూ అక్షరాలు నేర్పుతున్నారంట తమ్ముడూ. మా అమ్మాయి పోతోంది. నీ ప్రశ్నలన్నీ ఈ క్యాసెట్‌లోనే అడుగు, అదే చెబుతుంది," అని రికార్డర్ నా వైపు జరిపాడు.

గొంతు సవరించుకుని అడగడం మొదలుపెట్టాను.