చేతిమీద బి.ఏ.

డెబ్భైల్లో, నాకు పెళ్ళయిన కొత్తలో, రాజోలులో మా వీధిలోకి పచ్చబొట్లు పొడిచే ఆవిడ వచ్చింది. "పోయాక మనతో వచ్చే నగ అదొక్కటే. మొగుడి పేరు పొడిపించుకో" అని మా అత్తగారు నన్ను అరుగుమీద కూర్చోబెట్టేరు.

"అయ్యగారి పేరేంటండీ?" అందావిడ.

మొగుడి పేరు నేను పలకకూడదాయె. అత్తగారి వైపు చూస్తే, ఆవిడా నోటికి పైట అడ్డం పెట్టుకున్నారు. కొడుక్కి పెట్టింది వాళ్ళ మావగారి పేరు మరి!

ఇంతలో ఆఫీసు నుంచి మా ఆయనే వచ్చేరు. సంబరంగా పెన్ను తీసి, ఇంటిపేరుతో సహా నా చేతిమీద రాసి, చివర "బి.ఏ." కూడా తగిలించేరు. సూది ఆ బి.ఏ. దగ్గరకొచ్చేసరికి నా కేకలు వీధి చివరిదాకా వినపడ్డాయి.

"మీరూ నా పేరు పొడిపించుకోండి. సీత, రెండక్షరాలే" అన్నాను ఏడుస్తూ.

"ఛ, మగాళ్ళకి బాగోదు. పైగా సూది చూస్తే నాకు కళ్ళు తిరుగుతాయి" అన్నారు.

నన్ను మా పుట్టింట్లో ఎనిమిదో క్లాసుతోనే చదువు మాన్పించేసేరు. ఇన్నేళ్ళకి పేరంతా అలుక్కుపోయింది గానీ బి.ఏ. మాత్రం నిక్షేపంలా ఉంది. ఆస్పత్రిలో నర్సమ్మ అది చూసి, "మీరు బీయే చదివేరా అండీ?" అంది.

"ఆయ్" అన్నాను. ఆ డిగ్రీకి ఆయనకన్నా నేనే ఎక్కువ ఏడ్చాను మరి.

— సీత, రాజోలు